పొలి గంప ఎవరి నెత్తిన?

తపస్సు, ప్రాయశ్చిత్తం, బలి, త్యాగం. ఈ నాలుగు మాటలు గుడిలోనూ వినపడతాయి, చర్చిలోనూ వినపడతాయి. విన్నప్పుడల్లా నాకు వచ్చే ప్రశ్న ఒకటే: ఇందులో మోసేది ఎవరు, దక్కేది ఎవరికి? మిత్రులారా, ఈ వారం ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా నడుద్దాం. నడక కొంచెమే, లెక్క మాత్రం చాలా పాతది.

అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్ ఉంది. ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల్ని తెలుగు క్యాథలిక్కులు ఏమంటారో తెలుసా? తపస్సు కాలం. అది మొదలయ్యే రోజు విభూది బుధవారం. కిందటేడు మట్టల ఆదివారం నాటి మట్టలు కాల్చి ఆ బూడిద నొసట పెడతారు. వాళ్ల ఆరాధన పేరు దివ్యబలిపూజ. అక్కడి నుంచి చాపెల్ రోడ్డు వైపు వస్తే ప్రొటెస్టెంట్లు అవే నలభై రోజుల్ని శ్రమదినాలు అంటారు. ఇంకొంచెం ముందుకు నడిచి కార్తీకంలో నాంపల్లి స్టేషన్‌కి వెళ్తే నల్లబట్టల స్వాములు, నెత్తిన ఇరుముళ్లు. వాళ్లది నలభై ఒక్క రోజుల మండల దీక్ష. అక్కడా నొసట విభూదే.

పైకి చూస్తే అన్నీ ఒకటే. ఉపవాసం, నేలమీద పడక, మాంసం మానడం, నొసట బూడిద. కానీ నాంపల్లి దగ్గర హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక తమ్ముడు నాకు ఇట్లా రాశాడు: "అన్నా, మా రూమ్మేట్ మాల వేసుకుంటే మెస్‌లో వేరే వంట చేశారు. చెప్పుల్లేకుండా క్లాసుకొస్తే లెక్చరర్లు కూడా స్వామీ అన్నారు. నేను శ్రమదినాల్లో మధ్యాహ్నం అన్నం మానేస్తే, ఎప్పుడు మారావురా అని అడిగారు. రెండూ ఉపవాసాలే కదా?"

రెండూ ఉపవాసాలే తమ్ముడూ. ఒకదానికి గౌరవం ఉంది, ఇంకోదానికి సంజాయిషీ ఉంది. ఇంకో సంగతి కూడా గమనించు. మాల వేసుకునేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. వాళ్లెందుకు వేసుకుంటారో నాకు తెలుసు. ఆ నలభై ఒక్క రోజులు రెడ్డిగారు కూడా స్వామీ అని పిలుస్తాడు. ఏడాదికి నలభై ఒక్క రోజులు మనిషిగా బతకొచ్చు. మాల తీసిన మర్నాడు మళ్లీ పాత పిలుపే. తపస్సు మనకి సమానత్వాన్ని అద్దెకి ఇస్తుంది, సొంతానికి ఇవ్వదు.

అసలు తపస్సు చేసే హక్కు ఎవరికి ఉందన్న ప్రశ్నకి ఉత్తరకాండ జవాబు చెప్పింది. శంబూకుడు శూద్రుడు. చెట్టుకి తలకిందులుగా వేలాడుతూ తపస్సు చేస్తున్నాడు. దొంగతనం చేయలేదు, ఎవరినీ కొట్టలేదు. అదే సమయంలో ఒక బ్రాహ్మణుడి కొడుకు చనిపోయాడు. శూద్రుడి తపస్సే కారణమన్నారు. రాముడు వెళ్లి కులం అడిగాడు, శంబూకుడు దాచకుండా చెప్పాడు, తల తెగింది. దేవతలు పూలు చల్లారు, అక్కడ బ్రాహ్మణ బాలుడు లేచి కూర్చున్నాడు. త్రిపురనేని రామస్వామి చౌదరి వందేళ్ల కిందటే దీని మీద శంబూక వధ నాటకం రాశాడు కాబట్టి ఈ కథ మనకి బాగా తెలుసు. కానీ మనం దీన్ని హత్యగా మాత్రమే చదువుతాం. బలిగా కూడా చదవాలి. ఒకడు చస్తే ఇంకొకడు బతికాడు. బలికి ఉండే లెక్క అచ్చంగా ఇదే.

సిలువ లెక్క కూడా పైకి అంతే కనపడుతుంది. ఒకడు చస్తే అందరూ బతికారు. మరి తేడా ఎక్కడ? ఆ కథ చెప్పేవాడు ఎక్కడ నిలబడ్డాడు అన్న దాంట్లో ఉంది. ఉత్తరకాండలో కథకుడు కత్తి పట్టినవాడి పక్కన నిలబడ్డాడు, చంపడాన్ని ధర్మం అన్నాడు. సువార్తల్లో కథకులు చచ్చినవాడి పక్కన నిలబడ్డారు. యాజకులూ గవర్నరూ కలిసి ఒక నిర్దోషిని చంపారని చెప్పారు. అక్కడ పూలు చల్లినవాళ్లు లేరు, చీకటి కమ్మింది. చచ్చినవాడు తన ప్రాణం తానే పెట్టానంటాడు. శంబూకుణ్ణి ఆ మాట ఎవరూ అడగలేదు.

శంబూకుడు ఇంకో వందల ఏళ్లకి ఒంగోలు దగ్గర మళ్లీ పుట్టాడని నేను అనుకుంటాను. ఆయన పేరు ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగ. తోళ్ల వ్యాపారం చేసేవాడు. క్రైస్తవుడు కాకముందే గురువుల దగ్గర యోగం నేర్చుకుని సాధన చేసినవాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత పన్నెండేళ్లకి, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అది పెద్ద కరువు వెళ్లిన ఏడాది. మిషనరీ క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు కూలి ఇప్పించాడు. గంజి కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. అయినా ఆ మాట ఇప్పటికీ అంటూనే ఉన్నారు. అనేవాళ్లు పేరయ్యను చూడరు. దేవుణ్ణి వెతుకుతూ యోగం దాకా వెళ్లిన మాదిగ ఉన్నాడని ఒప్పుకుంటే, మాదిగకి ఆకలి తప్ప ఆలోచన లేదనే మాట కూలిపోతుంది మరి.

ఇక ప్రాయశ్చిత్తం. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు కదా, నా చదువు సగం అక్కడే జరిగింది. ఒకసారి ఒకే కుప్పలో తెలుగు తాత్పర్యంతో మనుస్మృతి, అట్టలూడిన బైబిలు దొరికాయి. రెండూ బేరమాడి తెచ్చుకుని పక్కపక్కన పెట్టి చదివాను.

మనుస్మృతి పదకొండో అధ్యాయం ప్రాయశ్చిత్తాల రేట్ల పట్టిక. బ్రాహ్మణుణ్ణి చంపితే పన్నెండేళ్లు అడవిలో గుడిసె వేసుకుని భిక్షమెత్తుకు బతకాలి. చచ్చినవాడు క్షత్రియుడైతే అందులో నాలుగో వంతు. వైశ్యుడైతే ఎనిమిదో వంతు. మంచి నడవడి ఉన్న శూద్రుడైతే పదహారో వంతు. పన్నెండేళ్లలో పదహారో వంతు ఎంతో లెక్కేయండి: తొమ్మిది నెలలు. పిల్లి, ముంగిస, కప్ప, కుక్క, ఉడుము, గుడ్లగూబ, కాకి – వీటిని చంపినా శూద్రుణ్ణి చంపినప్పటి ప్రాయశ్చిత్తమే. మరి శూద్రుడికి కూడా బయట ఉన్న మన తాతలకి? ఆ వంతుల లెక్కలో వాళ్లకి గడే లేదు.

బైబిల్లో లేవీయకాండం కూడా పట్టికే. యాజకుడు పాపం చేస్తే కోడెదూడ, అధికారి చేస్తే మేకపోతు, మామూలు మనిషైతే ఆడమేక. బీదవాడైతే రెండు గువ్వలు, అవీ లేకపోతే కాస్త పిండి. ఇక్కడ హెచ్చుతగ్గులు పాపం చేసినవాడి హోదాని బట్టి, స్తోమతుని బట్టి ఉన్నాయి. చచ్చినవాడి పుట్టుకని బట్టి లేవు. ఇది చిన్న తేడా కాదు. అట్లాగని బైబిలు శుభ్రంగా ఉందని నేను చెప్పను. నిర్గమకాండంలో ఎద్దు బానిసను పొడిచి చంపితే యజమానికి ముప్పై తులాల వెండి కడితే సరి. బానిస ప్రాణం విలువ అంతే. అయితే యూదా యేసును ఎంతకి అమ్మాడు? ముప్పై వెండి నాణేలకి. అంటే బానిస ధరకి. మా చర్చిలో ఎన్ని గుడ్ ఫ్రైడేలు కూర్చున్నానో, ఏడు మాటల మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో. ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పలేదు. మనకి చెప్పాల్సిన సంగతి అదే.

ప్రాయశ్చిత్తం డబ్బుగా మారడం రెండు చోట్లా జరిగింది. ఇక్కడ తపస్సుకి బదులు బ్రాహ్మణుడికి గోదానం. అక్కడ యూరప్‌లో పాపక్షమాపణ పత్రాల అమ్మకం, ఆ డబ్బుతో రోములో సెయింట్ పీటర్స్ కట్టడం. 1517లో మార్టిన్ లూథర్ దాని మీదే తిరగబడ్డాడు. ఆయన పట్టుకున్నది ఒక మాటని. లాటిన్ బైబిల్లో తపస్సు చేయండి అన్నట్టుగా ఉన్న చోట గ్రీకు మూలంలో ఉన్న మాటకి అర్థం వేరు: బుద్ధి మార్చుకోండి అని. తెలుగు బైబిలు చేసినవాళ్లు దానికి మంచి మాట పెట్టారు: మారుమనస్సు. ప్రాయశ్చిత్తం లాగా శాస్త్రంలోంచి తెచ్చింది కాదు. మా అమ్మకి అర్థమయ్యే మాట. ఈ మాటని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీనితో పని ఉంది.

ఇప్పుడు బలి. ఇది నాకు పుస్తకంలో తెలిసింది కాదు.

మా తాత పొలి మోశాడు. తెలియని పిల్లల కోసం చెప్తాను. ఊరికి కలరా వచ్చినా, వాన రాకపోయినా అమ్మవారికి దున్నపోతుని కొట్టేవాళ్లు. ఆ నెత్తురు అన్నంలో కలిపితే అది పొలి. రాత్రిపూట ఆ పొలి గంప నెత్తిన పెట్టుకుని ఊరి పొలిమేర చుట్టూ చల్లుకుంటూ తిరగాలి. ఊళ్లో ఉన్న కీడంతా ఆ గంపతో పొలిమేర దాటిపోవాలి. దారిలో దెయ్యం పట్టినా రోగం తగిలినా మోసినవాడికే. మోసేవాడు మాలో మాదిగో. డప్పు మనది, దున్నపోతు తోలు మనది, భయం మనది. తెల్లారి క్షేమంగా ఉండేది ఊరు. మద్రాసు బిషప్‌గా పనిచేసిన హెన్రీ వైట్‌హెడ్ 1916లో వేసిన గ్రామదేవతల పుస్తకంలో తెలుగు ఊళ్ల దున్నపోతు బలులని వివరంగా రాశాడు. అది చదువుతుంటే నాకు దున్నపోతు కనపడలేదు. గంప కింద మా తాత మెడ కనపడింది.

లేవీయకాండం పదహారో అధ్యాయంలో రెండు మేకలున్నాయి. ఒకదాన్ని బలిస్తారు. రెండోదాని తల మీద ప్రధాన యాజకుడు చేతులు పెట్టి జనం పాపాలన్నీ ఒప్పుకుని అడవిలోకి తోలేయిస్తాడు. అది అందరి పాపాలూ మోసుకుని పోతుంది. యూదులకి ఆ పనికి మేక సరిపోయింది. మన ఊళ్లకి మేక చాల్లేదు, ఒక కులం కావాల్సి వచ్చింది. మేక ఏడాదికొకసారి ఊరి బయటికి పోయేది. మనల్ని తరతరాలుగా ఊరి బయటే ఉంచారు.

అందుకే మా అమ్మమ్మ తరానికి సిలువ కథ కొత్తగా వినపడలేదని నా నమ్మకం. యేసుని చంపింది పట్నం గోడ లోపల కాదు, గవిని బయట. హెబ్రీ పత్రిక ఆ సంగతి ప్రత్యేకంగా చెప్తుంది. ఊరి బయట చావడం అంటే ఏంటో గూడేనికి ఎవరూ వివరించాల్సిన పని లేదు. ఆ పత్రికే ఇంకో మాట చెప్తుంది: ఈ బలి ఒక్కసారే, అందరి కోసం, మళ్లీ అక్కర్లేదు అని. వేదాంతికి అది సిద్ధాంతం. పొలి మోసేవాడికి అది సెలవు చీటీ. ఇక గంప దించొచ్చు. బాప్తిస్మం తీసుకున్న మాదిగలు అమ్మవారి ముందు డప్పు కొట్టం అన్నారు, ఆదివారం వెట్టికి రాం అన్నారు. ఊళ్లకి కోపం వచ్చింది యేసు మీద కాదు, గంప దించినందుకు.

క్రైస్తవం లేకుండా కూడా ఈ గంపని దించమన్నవాడు మన హైదరాబాద్‌లోనే ఉన్నాడు. భాగ్యరెడ్డి వర్మ. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి హరికథలతో బస్తీలు తిరిగాడు. జంతుబలి వద్దన్నాడు, తాగుడు వద్దన్నాడు, మన ఆడపిల్లల్ని దేవుడి పేరు మీద వదిలే జోగిని ఆచారం వద్దన్నాడు. జోగిని అంటే ఏంటి? అదీ బలే. కత్తి లేని బలి. దాన్ని నిషేధిస్తూ చట్టం 1988 దాకా రాలేదు.

అయితే చర్చి ఆ సెలవు చీటీని మన చేతుల్లో ఉంచిందా? ఇక్కడ నేను మొహమాటం లేకుండా మాట్లాడాలి. మా చిన్నమ్మ భర్త చేతిలో దెబ్బలు తిని పాస్టర్ దగ్గరికి వెళ్తే, "నీ సిలువ నువ్వు మొయ్యాలమ్మా" అన్నాడు. ఆమె ఇంకో తొమ్మిదేళ్లు మోసింది. గంప దించిన మనిషి నెత్తిన మళ్లీ సిలువ అని పేరు పెట్టి అదే గంప. సిలువ యేసు ఎత్తుకున్న శిక్ష, రోము వేసిన శిక్ష. అది మన ఆడవాళ్లకి ఇచ్చే సలహా కాదు. చర్చి లోపల కులం లేదా? ఉంది. వేరు వేరు సమాధుల దొడ్లు ఉన్నాయి, పెళ్లి సంబంధాల్లో ఉంది, పదవుల్లో ఉంది. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారు 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి మొదటి కార్డినల్. ఆయన పీఠం మనం బయలుదేరిన ఆ గన్‌ఫౌండ్రీ కెథెడ్రలే. సంతోషించాను. ఇన్ని వందల ఏళ్లలో మొదటివాడా అని బాధ కూడా పడ్డాను.

రాజ్యం కూడా మనతో ప్రాయశ్చిత్తం చేయిస్తోంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే ఎస్సీ. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుణ్ణి ఇంకా బయటే ఉంచారు. మన దగ్గర అతను బీసీ-సి, ఒక్క శాతం. పాస్టర్‌గా ఉన్న మనిషికి ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. కొట్టేవాడు నీ బాప్తిస్మం చూసి చెయ్యి ఆపడు. చట్టం మాత్రం బాప్తిస్మం చూసి ఆగిపోతుంది. హాస్టల్లో తమ్ముడి ఉపవాసం మీద అనుమానం ఊరికే రాలేదు. ఆ ఉపవాసానికి ఒక సర్టిఫికెట్ ధర ఉందని అందరికీ తెలుసు.

ఇప్పుడు నాంపల్లికి వచ్చాం. పబ్లిక్ గార్డెన్స్‌లో తెలుగు విశ్వవిద్యాలయం. చాలా ఏళ్లు పొట్టి శ్రీరాములు పేరు మీద ఉంది. 1952లో 58 రోజులు నిరాహార దీక్ష చేసి చనిపోయారని బడిలో చదివాం. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల్ని రానివ్వాలని కూడా ఆయన దీక్ష చేశారు. దాన్ని బడిలో చెప్పలేదు. ఆయన నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. కానీ ఆ పద్ధతి నేర్పిన గురువు దగ్గర నాకు ప్రశ్న ఉంది. గాంధీ 1932 సెప్టెంబర్ 20న ఎరవాడ జైల్లో దీక్ష మొదలుపెట్టాడు. అంటరానితనం హిందువుల పాపం, దానికి ప్రాయశ్చిత్తం అన్నారు. పాపం వాళ్లది. మరి ఆ దీక్ష ఎవరి మీద పనిచేసింది? అంబేడ్కర్ మీద. నాలుగు రోజుల్లో పూనా ఒప్పందం. సీట్లు 71 నుంచి 148 అయ్యాయి, మన మనుషుల్ని మనమే ఎన్నుకునే ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. ప్రాయశ్చిత్తం వాళ్లు చేశారు, వెల మనం కట్టాం. పొలి గంప మళ్లీ మన నెత్తినే.

ఇంకొంచెం ముందుకు, అసెంబ్లీ పక్కన గన్ పార్క్. ఎక్కా యాదగిరిరావు చెక్కిన స్తూపం, 1969లో చనిపోయిన పిల్లల కోసం. ప్రతి నాయకుడూ అక్కడ పూలు పెట్టి త్యాగం అంటాడు. నేను ఆ పిల్లలకి దండం పెడతాను, ఆ మాటకి పెట్టను. మన బిడ్డల చావుకి త్యాగం అని పేరు పెట్టగానే చంపినవాడు కనపడకుండా పోతాడు. ఏకలవ్యుడి బొటనవేలు కూడా త్యాగమే అన్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయినప్పుడు విద్యార్థులు వ్యవస్థ చేసిన హత్య అన్నారు. ఆ మాటే సరైంది. కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు, చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది. వాళ్లు త్యాగం చేయలేదు. వాళ్లని చంపారు. చుండూరు కేసులో 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. నల్లజాతి వేదాంతి జేమ్స్ కోన్ 2011లో రాసిన పుస్తకంలో సిలువని, అమెరికాలో నల్లవాళ్లని ఉరేసిన చెట్టుని పక్కపక్కన పెట్టాడు. మన సిలువ పక్కన చుండూరు గోనెసంచి పెట్టని ప్రసంగం నాకు అక్కర్లేదు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ప్రాణం ఎవరికీ బాకీ లేదు. ఉద్యమానికి కూడా బాకీ లేదు. బతికి కొట్లాడండి.

అంబేడ్కర్ ఈ రెండు దారులూ చూసి బుద్ధుడి దగ్గరికి వెళ్లాడు. బుద్ధుడు ఆరేళ్లు ఒళ్లు మాడ్చుకుని, దీనివల్ల ఏమీ రాదని తేల్చి, పెట్టిన పాయసం తిన్నాడు. కూటదంత సుత్తంలో ఒక మంచి యజ్ఞం గురించి చెప్తాడు. అందులో ఏ జంతువునీ చంపలేదు, ఏ చెట్టునీ నరకలేదు. పనివాళ్లని కర్రతో బెదిరించలేదు, వాళ్లు ఏడుస్తూ పనిచేయలేదు, ఇష్టమైనవాళ్లే చేశారు. యజ్ఞం గురించి మాట్లాడుతూ పనివాళ్ల కన్నీళ్లని లెక్కలోకి తీసుకున్నాడు. మోసేది ఎవరు అని అడిగాడన్న మాట.

ఇక మారుమనస్సు దగ్గరికి వద్దాం. లూకా సువార్తలో జక్కయ్య ఉన్నాడు. సుంకాలు వసూలు చేసి జనాన్ని పిండినవాడు. యేసు వాళ్లింటికి వచ్చాడు. అతను బూడిద పూసుకోలేదు, ఉపవాసం ఉండలేదు, కొబ్బరికాయ కొట్టలేదు. ఆస్తిలో సగం పేదలకి ఇస్తానన్నాడు, అన్యాయంగా ఎవరి దగ్గర తీసుకున్నానో వాళ్లకి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. అప్పుడే ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు యేసు. నాకు తెలిసిన ప్రాయశ్చిత్తాలన్నింట్లో, దెబ్బతిన్నవాడి చేతికి ఏదైనా తిరిగి వచ్చిన ప్రాయశ్చిత్తం ఇదే.

కాబట్టి గుడిలో గానీ చర్చిలో గానీ గాంధీభవన్‌లో గానీ ఎవరైనా ప్రాయశ్చిత్తం అంటే మూడు అడగండి. పాపం ఎవరిది? ఒళ్లు నొచ్చేది ఎవరికి? తిరిగి వచ్చేది ఏంటి, ఎన్ని ఎకరాలు, ఎన్ని సీట్లు, ఎన్ని ఉద్యోగాలు? మూడో ప్రశ్నకి జవాబు లేకపోతే అది మారుమనస్సు కాదు. ఉపవాసం ఉండాలనుకునేవాళ్లు ఉండండి, నేనూ ఉంటాను. మాల వేసుకునేవాళ్లు వేసుకోండి. గంప మాత్రం ఎత్తుకోకండి.

వచ్చే భాగంలో సమాధుల దొడ్ల గురించి మాట్లాడుకుందాం. జై భీమ్.